పక్కకు చూసే మనిషి

నేను రిటైరయ్యే ముందటి ఏడు, వానలు మొదలైన వారంల, నా టేబుల్ మీదికి ఒక ఆర్డరు వచ్చింది. అప్పుడు నేను గోదావరిఖనిల కంపెనీ వృత్తి శిక్షణ కేంద్రంల ఇన్‌స్ట్రక్టర్‌ను. దాన్ని ఇక్కడ అందరు వీటీసీ అంటరు. బాయి అంటే మా దిక్కు బొగ్గు గని. బాయి పనికి కొత్తగ వచ్చినోళ్ళకు లోపలికి దిగకముందు పాఠాలు చెప్పేది అక్కడనే, పాతోళ్ళు కొన్నేండ్లకోసారి మళ్ళ వచ్చి అవే పాఠాలు వినేది గూడ అక్కడనే. నేను మొదలు టింబర్‌మన్‌గ దిగిన. పైకప్పు కూలకుండ కింద కర్ర గుంజలు నిలబెట్టే పని అది. తర్వాత పరీక్ష రాసి సర్దార్ అయిన. సర్దార్ అంటే తనకు అప్పజెప్పిన జాగల పనిచేసే మనుషుల పానాలకు జవాబు చెప్పెటోడు. ఆ పైన ఓవర్‌మన్, అంటే ఆ సర్దార్ల మీద పెద్ద. మోకాళ్ళు మొరాయించినంక నన్ను పైకి తెచ్చి ట్రైనింగ్‌ల కూసోబెట్టిన్రు.

ఆర్డరుల సంగతి ఏందంటే, హైదరాబాదుల యానిమేషన్ చదివే ఒకమ్మాయి తన ఆఖరి ఏడాది సినిమా బాయి పని మీద తీస్తదట. చిన్న సినిమా, అంత బొమ్మలతోనే. ఆమెకు పని చూపియ్యాలె, తీసినంక అండ్ల సాంకేతిక తప్పులు లేవని నేను చూసి సంతకం పెట్టాలె. ఆ సంతకం లేకుంటే సినిమా బయట చూపెట్టనీకి కంపెనీ ఒప్పుకోదు, చూపెట్టకుంటే ఆమె చదువు పూర్తిగాదు. మా ట్రైనింగ్ ఆఫీసర్ నాకన్న చానా చిన్నోడు, మర్యాదస్తుడు. "దాసు గారూ, ఇది మీరే చూసుకోవాలి, బొమ్మల విషయం నాకేమీ తెలియదు" అన్నడు. నాకు తెలిసినట్టు! బొమ్మల సినిమా అంటే నా మతికి కుందేళ్ళు మాట్లాడుడు, ఏనుగులు ఎగురుడు. మనుషులు పానం అరచేతుల పెట్టుకుని చేసే పనిని గట్ల చూపిస్తరా అని ముందుగల్ల జర కోపమే వచ్చింది.

అమ్మాయి పేరు స్రవంతి. బస్టాండు నుంచి షేర్ ఆటోల వానకు తడుసుకుంట వచ్చింది. వచ్చుడు వచ్చుడే, తాను బయటి మనిషిని కాదని చెప్పింది. వాళ్ళ నాయిన లింగయ్య రామకృష్ణాపూర్‌ల టింబర్‌మన్‌గ చేసి రిటైరయ్యిండట. మరి మీ నాయిననే అడుగక ఇంత దూరం ఎందుకొచ్చినవ్ బిడ్డా అన్న. అడిగినా చెప్పడు సార్ అన్నది. ఆ మాట నేను పెద్దగ పట్టించుకోలేదు. మా ఈడు మొగోళ్ళు ఇంట్ల బాయి ముచ్చట్లు చెప్పుడు తక్కువనే.

అసలు బాయిలకు దింపాలంటే మేనేజర్ పర్మిషన్ కావాలె. ఆడవాళ్ళు లోపలికి దిగుడు అప్పటికి మాకు కొత్త, ఎవరు సంతకం పెట్టాలన్నా ఇంకొకలను అడిగి చెప్తమంటున్నరు. అందుకని ఆమెకు నేను మాడల్ గ్యాలరీ చూపిచ్చిన. వీటీసీ వెనుక నేల మీదనే కట్టిన ఉత్తుత్తి బాయి అది. గోడలకు నల్ల రంగు, అసలు గుంజలు, అసలు పట్టాలు. కిటికీలు మాత్రం ఒక్కటి లేవు. బొమ్మలు గీసుకోవాలె గదా అని నేను లోపల కరెంటు బుగ్గలన్ని ఏసి పెట్టిన. ఆమె ఒక గుంజకు ఆనుకుని పలక లాంటి దాని మీద గీసుకుంట కూసునేది. ఒక్క సెకండు సినిమాకు పన్నెండు బొమ్మలు గీయాలెనట. మనిషి చెయ్యి ఎత్తితే ఎత్తక ముందు ఒకటి, ఎత్తినంక ఒకటి, నడుమ ఉన్నయన్ని ఒక్కొక్కటి. అది విన్నంక నా కోపం తగ్గింది. గింత ఓపిక ఉన్న మనిషి కుందేళ్ళ పని చెయ్యదు అనుకున్న.

మొదటి బొమ్మలల్ల నేను పట్టిన తప్పులు మామూలు తప్పులే. మనిషి చెవి సందుల బీడీ పెట్టింది. బీడీ, అగ్గిపెట్టె బాయిలకు పోవు, దిగేటప్పుడు జేబులు తడుముతరు అని చెప్పిన, తీసేసింది. గుంజ మీద అడ్డం పెట్టే చెక్క మర్చిపోయింది, పెట్టింది. సర్దార్ చేతిల కట్టె ఎందుకని అడిగింది. పైకప్పును కట్టెతోని కొట్టి చూస్తం, గట్టిగ మోగితే మంచిది, బొల్లుగ, లోపల ఖాళీ ఉన్నట్టు మోగితే కింద ఎవరు నిలబడొద్దు అని చెప్పిన. అది గూడ సినిమాల పెట్టింది. నాకు జర గర్వం అనిపిచ్చింది. ఇంటికి పోయి మా ఇంటామె మార్తమ్మకు గూడ చెప్పిన, సినిమాకు పనిచేస్తున్న అని. హీరో ఎవరు అని అడిగింది. టింబర్‌మన్ అన్న. నవ్వింది.

సినిమా కథ చిన్నదే. బాయిల ఒక సర్దార్, ఒక టింబర్‌మన్ ముచ్చట పెట్టుకుంట పని చేస్తరు. షిఫ్టు అయినంక టింబర్‌మన్ ఇంటికొస్తడు. బిడ్డ తాను గీసిన బొమ్మ చూపిస్తది. ఆయన మంచిగ గీసినవ్ బిడ్డా అంటడు. గంతే.

నాకు సమజ్ గానిది ఒక్కటే, ఆ టింబర్‌మన్ ఎప్పుడు పక్కకు చూస్తడు. సర్దార్‌తోని మాట్లాడితే పక్కకే, బిడ్డతోని మాట్లాడితే పక్కకే. గీ మనిషి దొంగతనం చేసి వచ్చినోని లెక్క ఎందుకు చూస్తున్నడు బిడ్డా అని అడిగిన. మా నాయిన గట్లనే మాట్లాడుతడు సార్, గోడ దిక్కు చూసి, అన్నది. అది మీ ఇంటి సంగతి, బాయిల సర్దార్ పని చెప్తుంటే పక్కకు చూసుకుంట నిలబడితే ఎట్ల, సేఫ్టీ సినిమాల గట్ల చూపెట్టొద్దు అన్న. ఇది సేఫ్టీ సినిమా కాదు సార్ అన్నది గని, హైదరాబాదుల వాళ్ళ గైడ్ మేడం గూడ అదే మాట అన్నదట. ఇద్దరు మాట్లాడితే చూపులు కలవాలె, కలవకుంటే చూసెటోళ్ళకు మనసు తాకదు అని. ఇద్దరం పెద్దోళ్ళం ఒక్కటే మాట చెప్పినంక ఆమె ఏం చేస్తది. కూసోని అన్ని మళ్ళ గీసింది.

గీసినంక దాన్ని రిఫ్రెషర్ ట్రైనింగ్‌కు వచ్చిన పాత కార్మికులకు చూపిద్దామని నేనే అన్న. పగటి బువ్వ అయినంక హాలుల తెర మీద ఏసినం. సినిమాల సర్దార్ కట్టెతోని పైకప్పు కొట్టి, ఇక్కడ ఇంకో గుంజ పెట్టు తమ్మీ, నిదానంగ పెట్టు అంటడు. టింబర్‌మన్ పెడుత అన్నా అంటడు. దీపాల హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు ఎదురుబొదురుగ నిలబడి, ఒకరి మొఖం ఒకరు చూసుకుని నవ్వుకుంట మాట్లాడుతరు. సర్దార్ గొంతు నాదే. ఆమె నాతోని చెప్పిచ్చి రికార్డు చేసింది.

హాలుల ఎవ్వరు నవ్వలేదు. కుర్సీలల్ల అటిటు కదులుతున్నరు. బెల్లంపల్లి దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన కొమురయ్య అనే సర్దార్, నాకు పాత దోస్తు, లేచి అడిగిండు. "గా సర్దార్ గాయిన మీదికి ఎందుకు పోతున్నడు దాసన్నా?" ఎనుక నుంచి ఇంకొకలు, గీళ్ళిద్దరికి పాత పంచాయితీ ఏమన్న ఉన్నదా అన్నరు. మళ్ళ ఏసి చూపెట్టిన. నవ్వుతున్నరు గదయ్యా అన్న. నవ్వు గూడ మంచి నవ్వు గాదు అన్నరు. ఏం తప్పున్నదో చెప్పుమంటే ఒక్కలు చెప్పరు. ఒకాయన మీసాలు చూస్తె భయమైతున్నది అన్నడు.

సరే, మీసాలు తీసేసింది పాపం. తర్వాతి బ్యాచ్‌కు చూపిస్తే అదే మాట, కొట్లాడుతున్నరు అని. కనుబొమ్మలు సన్నగ చేసింది. అప్పుడు గూడ అదే మాట. నా గొంతుల ఏమన్న కర్కశం ఉన్నదేమో అని అడిగితే, గొంతు మంచిగనే ఉన్నది సార్, మనిషే మంచిగ లేడు అన్నరు. నేను ఆ సినిమాను ఎన్నిసార్లు చూసిన్నో. చూసినకొద్ది నాకు గూడ ఆ సర్దార్ మీద అనుమానం రావట్టింది, ఎందుకో మాత్రం తెల్వదు. బాయిల ఏ చప్పుడు ఎందుకొచ్చిందో చెప్పగలిగిన మనిషిని, బొమ్మల ఇద్దరు మనుషులు ఎందుకు కొట్లాడుతున్నరో చెప్పలేకపోయిన.

సబ్మిట్ చేసే గడువు దగ్గరికొచ్చింది. ఆఫీసర్ సార్, పెట్టెయ్యండి దాసు గారూ సంతకం, తప్పులేమీ లేవు కదా అన్నడు. తప్పు లేదనే పెట్టాలె. గని చూసినోళ్ళందరు కొట్లాట అన్న సినిమాకు, మా పని గిట్లుంటది అని నేనెట్ల సంతకం పెడుత? అట్లని ఆపుదామంటే ఏం రాయాలె? కారణం తెల్వదు అని రాస్తమా?

ఒక పొద్దు స్రవంతి వచ్చి, సంతకం గురించి అడుగకుండ, వాళ్ళ నాయిన గురించి చెప్పింది. యానిమేషన్ చదువుతనంటే ఆయన వద్దనలేదట, మంచిదనలేదట. గోడ దిక్కు చూసి, పో బిడ్డా అన్నడట. చిన్నప్పటిసంది గంతే. పరీక్ష పాసైతే గోడ దిక్కు చూసి మంచిగైంది అంటడు, జరమొస్తె కిటికీ దిక్కు చూసి దవాఖానకు పోదాం అంటడు. "ఆయనకు నేనంటే ఇష్టం లేదా, నా చదువంటే ఇష్టం లేదా, ఇన్నేండ్లయినా సమజైతలేదు కాకా. ఆ మొఖం బొమ్మల గీస్తే అన్న తెలుస్తదని ఈ సినిమా పెట్టుకున్న. మీరు మార్చుమన్నరు, మార్చిన. ఇప్పుడు అది మా నాయిన గూడ గాదు, ఇంకెవరో." సార్ అనుడు పోయి కాకా అన్నది. తండ్రికి బిడ్డంటే ఎందుకు ఇష్టముండదు, ఉంటది అని ఏదో అన్న. తెలిసి అన్న మాట గాదు.

ఆ దినమే మాడల్ గ్యాలరీల, మొదలు సినిమా చూసిన కొమురయ్య వాళ్ళ బ్యాచ్‌కు క్లాసు ఉండె. ఆమెను గూడ రమ్మన్న. అందరం హెల్మెట్లు పెట్టుకున్నం, క్యాప్ ల్యాంపులు తగిలిచ్చుకున్నం. క్యాప్ ల్యాంపంటే హెల్మెట్ ముందట నొసటి మీద ఉండే దీపం. మనిషి ఎటు చూస్తే లైటు అటే పడుతది. నేను గుంజల గురించి చెప్తుంటె బయట ఉరిమింది, కరెంటు పోయింది. కిటికీలు లేని గ్యాలరీ, పట్టపగలే కటిక చీకటైంది. మాకది కొత్తగాదు. ఎవరి దీపం వాళ్ళు ఏసుకున్నరు, నేను పాఠం ఆపలేదు.

స్రవంతి ఏదో అడుగుదామని కొమురయ్య దిక్కు తిరిగింది. ఆమె లైటు పోయి ఆయన కండ్లల్ల పడ్డది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని, "లైటు మొఖం మీద కొట్టకు బిడ్డా" అన్నడు. నేను గూడ, పక్కకు పెట్టు, బాయిల మొదటి పాఠం అదే, కండ్లల్ల లైటు పడ్డ మనిషికి కొంచెంసేపు గుంతేదో గట్టేదో కనపడదు అని చెప్పిన. ఆ పాఠం నేను ఎంతమందికి చెప్పిన్నో లెక్క లేదు. బాయిల కావాలని మొఖం మీద లైటు కొట్టెటోడు ఒక్కడే, కొట్లాటకు వచ్చినోడు అని గూడ ఎప్పుడు చెప్పినట్టే చెప్పిన.

చెప్పినంక నా మాట నాకే ఇనపడ్డది. కొమురయ్య నాకన్న ముందు అందుకున్నడు. గదే దాసన్నా, సినిమాల గా ఇద్దరు గదే చేస్తున్నరు, దీపాలు పెట్టుకుని ఒకని మొఖం మీద ఒకడు కొట్టుకుంటున్నరు అన్నడు. మిగిలినోళ్ళు అవునవును అన్నరు. ఇన్ని దినాల కొట్లాట గక్కడ తేలింది. మీసాల తప్పేం లేదు.

నేను ఖుషీగ స్రవంతి దిక్కు తిరిగితే ఆమె నా మాట ఇంటలేదు. మమ్ముల చూస్తున్నది. మేం అందరం గుండ్రంగ నిలబడి, కొమురయ్యతోని నేను, నాతోని ఇంకొకాయన మాట్లాడుతున్నం, ఒక్కని మొఖం గూడ ఇంకొకని దిక్కు లేదు. అందరి లైట్లు గోడల మీదనే ఉన్నయి. ఆమె కింద పడున్న ఒక గుంజ మీద కూసున్నది. "కాకా, పైకొచ్చినంక గూడ గిట్లనే మాట్లాడుతరా?" అని అడిగింది. పైన గిట్లెందుకు మాట్లాడుతం బిడ్డా, పైన దీపం ఉండదు గదా అన్న. ఆమె ఏడ్సుకుంటనే నవ్వింది. ఎందుకు ఏడ్సిందో, ఎందుకు నవ్విందో నాకు సమజ్ కాలేదు. ఇంతల కరెంటు వచ్చింది. చూస్తె నేను గోడ దిక్కు చూసుకుంట నిలబడి ఉన్న.

ఇంటికి పోయి మార్తమ్మను అడిగిన, నేను మాట్లాడేటప్పుడు ఎటు చూస్త అని. ఆమె కూర తరుగుతున్నది, తల గూడ ఎత్తలేదు. "లగ్గమైన కొత్తల ఎవతిమీదనో మనసున్నదనుకున్న. తర్వాత సిగ్గు అనుకున్న. తర్వాత అనుకునుడు బంద్ చేసిన" అన్నది. చర్చిల పాస్టర్ గారితోని మాట్లాడినా నువ్వు గోడకున్న క్యాలెండర్‌కే చెప్తవు, ఆయన ఎనుకకు తిరిగి చూస్తడు ఎవరున్నరని, అన్నది. మరి ఒక్కసారన్న అడుగకపోతివి అన్న. అడిగితే గోడకు చెప్తవు గదా అన్నది.

స్రవంతి గడువు పెంచుమని కాలేజీల అడుక్కుని మళ్ళ గీసింది. పాత బొమ్మలే చానా మట్టుకు పనికొచ్చినయి. బాయిల ఇద్దరు పక్కకు చూసుకుంటనే ముచ్చట పెడుతరు. ఇంటికొచ్చినంక ఆఖరున నాయిన గోడ దిక్కు చూసి, మంచిగ గీసినవ్ బిడ్డా అంటడు. అక్కడ ఆమె ఒక్కటే కొత్తగ కలిపింది. అప్పుడు ఆయన నెత్తి మీద హెల్మెట్ లేదు, దీపం లేదు. అయినా నొసటి నుంచి లైటు గీసింది. ఆ లైటు బిడ్డ మొఖం మీద పడకుండ, ఆమె పక్క నుంచి పోయి గోడకు తాకుతది. ఇది తప్పు గాదా, ఇంట్ల క్యాప్ ల్యాంప్ ఉండదు గదా అని ఆఫీసర్ సార్ అడిగిండు. తప్పు గాదు సార్, ఉంటది అని చెప్పి సంతకం పెట్టిన.

హైదరాబాదుల చూపెట్టక ముందు వీటీసీ హాలుల ఒకసారి ఏసినం. లింగయ్యను ఆమె రామకృష్ణాపూర్ నుంచి బస్సుల తోల్కొచ్చింది. తెల్లటి అంగి ఏసుకొచ్చిండు. నా పక్క కుర్సీల కూసున్నడు. ఏ బాయి, ఏ షిఫ్టు అని ఇద్దరం ముచ్చట పెట్టినం, ఇద్దరం తెర దిక్కు చూసుకుంట. సినిమా నడిచినంతసేపు ఈసారి ఎవ్వరు కుర్సీల కదలలేదు. సర్దార్ పైకప్పు కొట్టినప్పుడు కొమురయ్య, మంచిగ మోగింది అన్నడు. ఆఖరు బొమ్మ వచ్చినప్పుడు లింగయ్య చేతులు మోకాళ్ళ మీద గట్టిగ పట్టుకున్నడు. ఏమనుకున్నడో నేను అడుగలేదు.

బుగ్గలు ఏసినంక స్రవంతి ముందటికి వచ్చి, ఎట్లున్నది నాయినా అని అడిగింది. ఆయన కుడిదిక్కు గోడను చూసుకుంట, "మంచిగున్నది బిడ్డా, మస్తు కష్టపడ్డవు" అన్నడు. హాలంత ఒక్కసారి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నరో ఆయనకు సమజ్ గాక పరేషాన్ అయ్యిండు. స్రవంతి నవ్వలేదు. పోయి, ఆయన చూస్తున్న గోడ దగ్గర, ఆయన చూపు పడే జాగల నిలబడ్డది. ఆయన చానసేపు చూసిండు. కండ్లల్ల లైటు పడ్డట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నడు, మళ్ళ తీసిండు.

సినిమాకు హైదరాబాదుల మంచి మార్కులు వచ్చినయట. గైడ్ మేడం, చూపులు కలవకున్నా మనసు తాకింది, ఎందుకో తెలియదు అన్నదట. ఆమెకు స్రవంతి చెప్పిందో లేదో నాకు తెల్వదు.

ఈ సంగతిల నేను నేర్చుకున్నది ఒక్కటి. పనిలకు ఎట్ల దిగాలెనో చెప్పే పాఠాలు మాతాన చానా ఉన్నయి, పని నుంచి పూర్తిగ బయటికి ఎట్ల రావాలెనో చెప్పే పాఠం ఒక్కటి లేదు. రిటైరయ్యేదాక కొత్త బ్యాచ్‌లకు ఆఖరి దినం ఒక మాట కలిపి చెప్పిన. ల్యాంప్ రూంల దీపం అప్పజెప్పినంక ఎదుటి మనిషి మొఖం చూసి మాట్లాడుండ్రి అని. ఒక బ్యాచ్‌ల ఒకాయన లేచి, ఇది పరీక్షల వస్తదా సార్ అని అడిగిండు. రాదు గని యాది పెట్టుకో అని చెప్పిన. ఆ అడిగినాయన మొఖం ఎట్లుంటదో మాత్రం నాకు తెల్వదు.